నేనడిగింది బీపీఏ గురించి కాదండీ

పాల సీసాలు తయారు చేసే కంపెనీల వాళ్ళకి, ఆ సీసాలు ఎలా ఉండాలో రూల్స్ రాసే కమిటీల వాళ్ళకి, పాలపొడి డబ్బాల మీద "ఇలా కలపండి" అని బొమ్మలు వేసేవాళ్ళకి కూడా,

నమస్కారం అండి.

నేను పోతపాలతో బిడ్డని పెంచిన అమ్మని. పాప పుట్టాక నాకు పాలు సరిగ్గా పడలేదు, చేయాల్సినవన్నీ చేశాం, పంపు పెట్టాం, రెండు గంటలకోసారి పాప నోటికి అందించాం, అయినా బరువు పెరగట్లేదని చివరికి డాక్టర్ గారే డబ్బా పాలు మొదలుపెట్టమన్నారు. అక్కడి నుంచి 13 నెలల పాటు మా ఇంట్లో స్టవ్ మీద ఎప్పుడు చూసినా సీసాలు మరుగుతూనే ఉండేవి. ఈ ఉత్తరం ఎవర్నో తిట్టడానికి రాయట్లేదు. పాల సీసా ప్లాస్టిక్ పొడిగా రాలి పాలల్లో కలవడం గురించి ఒక్క మాట అడగాలి, అది చాలా రోజుల నుంచి అడుగుతూనే ఉన్నా, సరైన జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నా.

రాత్రి రెండింటికి పాప లేచేది. లేచిందంటే ఇంక ఆగదు. పాపని ఒక భుజాన వేసుకుని, మరిగించి పెట్టిన సీసా తీసి, కెటిల్లో కాచిన నీళ్ళు గీత వరకు పోసి, చెంచాలు లెక్కపెట్టుకుంటూ పొడి వేసి (ఆ నిద్రమత్తులో మూడో చెంచానా నాలుగోదా అని ఎన్నిసార్లు మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి కలిపానో), మూత బిగించి గట్టిగా ఊపేదాన్ని. ఉండ కట్టకూడదు కదా, చిన్న ఉండ నిపుల్ కి అడ్డం పడినా పాలు రాక పాప గుక్కపట్టి ఏడ్చేది, ఆ ఏడుపుకి భయపడి ఇంకా గట్టిగా ఊపేదాన్ని. తర్వాత సీసాని కుళాయి కింద పెట్టి చల్లార్చి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూసి, అప్పుడు పట్టేదాన్ని. ఇందులో నా సొంత తెలివి ఏమీ లేదండి, మీరు పెట్టె మీదా డబ్బా మీదా వేసిన బొమ్మలు ఎలా ఉంటే అలాగే చేశాను, ఒక్క మెట్టు కూడా దాటేయలేదు.

ఐదో నెలలో అనుకుంటా, ఒకరోజు పగలు సీసా కడిగి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశా. కొన్నప్పుడు అటు వైపు మనిషి కనపడేంత తేటగా ఉన్న సీసా, లోపల పొగ పట్టినట్టు మసకగా అయిపోయింది. బ్రష్ తిరిగే చోట వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. చిటికెన వేలు లోపలికి పెట్టి తడిమితే నున్నగా లేదు, గోరుకి గరుగ్గా తగిలింది. అప్పుడు నాకు వచ్చిన అనుమానం చాలా మామూలుది, ఎవరికైనా వచ్చేదే. సీసా అరిగింది సరే, అరిగి ఊడిన పొడి ఎక్కడికి పోయింది? ఆ సీసాలో పాలు తప్ప ఇంకేమీ పోయలేదు, ఆ పాలు మా పాప తప్ప ఇంకెవరూ తాగలేదు.

కంపెనీ కస్టమర్ కేర్ కి ఫోటోలు పెట్టి రాశా. ఇన్ని నెలలు రోజూ మరిగిస్తూ, వేడి నీళ్ళు పోసి ఊపుతూ ఉంటే ఈ ప్లాస్టిక్ నుంచి పాలల్లోకి ఎన్ని రేణువులు దిగుతాయి, మీరు ఎప్పుడైనా లెక్కపెట్టారా అని. మూడు రోజులకి జవాబు వచ్చింది, చాలా మర్యాదగానే ఉంది. మా ఉత్పత్తులన్నీ పూర్తిగా బీపీఏ ఫ్రీ (బిస్ఫినాల్ ఏ అనే కెమికల్ లేనివి), అన్ని ప్రమాణాలకీ లోబడే తయారు చేస్తాం, మమ్మల్ని నమ్మినందుకు ధన్యవాదాలు, అని. నేనడిగింది బీపీఏ గురించి కాదండీ, రేణువుల గురించి అని మళ్ళీ రాశా. మళ్ళీ అదే జవాబు, అక్షరం మారలేదు. ఇంకో రెండు కంపెనీలకి రాసినా మాటలు కాస్త అటూ ఇటూ తప్ప ఇదే. అందుకే ఏ ఒక్కరి పేరూ రాయట్లేదు, ఇది ఒకరి సంగతి కాదు.

బీపీఏ సంగతి తెలియక అడిగింది కాదు. ఒకప్పుడు పాల సీసాలు పాలీకార్బొనేట్ తో చేసేవాళ్ళు, అందులోంచి బిస్ఫినాల్ ఏ అనే కెమికల్ పాలల్లోకి దిగుతోందని, అది ఒంట్లో హార్మోన్ల పనిని తారుమారు చేస్తుందని గొడవ లేచింది. 2008లో కెనడా ఈ సీసాల్ని ఆపేస్తామని అందరికంటే ముందు చెప్పింది, 2011లో యూరోపియన్ యూనియన్ ఆపింది, 2012లో అమెరికా. చాలా మంచి పని జరిగింది, దాని కోసం కొట్లాడిన తల్లిదండ్రులకీ సైంటిస్టులకీ దండం పెడతాను. కాకపోతే ఆ ప్లాస్టిక్ పోయి దాని చోట వచ్చింది కూడా ప్లాస్టికే కదా. పాలీప్రొపిలీన్, సీసా అడుగున త్రికోణంలో 5 అని ఉంటుంది చూడండి, అదే. దాన్లో బీపీఏ లేదు, నిజమే, ఒప్పుకుంటా. కానీ బీపీఏ అనేది ప్లాస్టిక్ లోంచి కరిగి పాలల్లోకి దిగే కెమికల్. నేనడిగేది ప్లాస్టికే పొడిగా రాలడం గురించి. రెండూ వేరు వేరు, ఒకదానికి పెట్టుకున్న జవాబు తీసుకొచ్చి ఇంకోదానికి అతికిస్తే ఎలా అండి?

మీరు చెప్పకపోయినా లెక్క వేరేవాళ్ళు పెట్టారు. ఐర్లాండ్ లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు చేసిన స్టడీ 2020 అక్టోబర్లో నేచర్ ఫుడ్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. 10 రకాల సీసాలు తీసుకున్నారు, అవన్నీ కలిపితే ప్రపంచంలో అమ్ముడయ్యే పాల సీసాల్లో దాదాపు 69 శాతం అవుతాయి, అంటే ఏదో మూలన అమ్మే నాసిరకం సరుకు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతిలోనే సీసాల్ని మరిగించి, 70 డిగ్రీల నీళ్ళు పోసి, ఊపి, ఆ నీళ్ళని వడకట్టి చూశారు. లీటరుకి 1 కోటి 62 లక్షల రేణువుల దాకా వచ్చాయి. చాలావాటి సైజు మిల్లీమీటరులో యాభయ్యో వంతు కంటే తక్కువ, కంటికి ఆనవు. 48 దేశాలు, ప్రాంతాల్లో పిల్లలు ఎంత సీసా పాలు తాగుతారో అంచనా వేసుకుని చూస్తే, మొదటి ఏడాదిలో ఒక్కో బిడ్డ కడుపులోకి రోజుకి సగటున 15 లక్షల 80 వేల రేణువులు పోతున్నాయని తేలింది. రోజుకి. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు సున్నాలు తప్పు చదివానేమో అనుకుని కాగితం మీద రాసుకుని మళ్ళీ లెక్కపెట్టుకున్నా. మన భాషలో కడుపున బిడ్డ పడితే నలుసు పడింది అంటాం, కంట్లో పడే దుమ్మునీ నలుసే అంటాం, ఆ రాత్రి ఆ మాట నా బుర్రలోంచి పోలేదు.

ఆ స్టడీలో నన్ను ఇంకా పట్టేసింది వేడి లెక్క. నీళ్ళు 25 డిగ్రీలుంటే లీటరుకి 6 లక్షలు రాలాయి, అదే 95 డిగ్రీలైతే 5 కోట్ల 50 లక్షలు. సీసా అదే, నీళ్ళ వేడి ఒక్కటే మారింది, 90 రెట్లు పైన పెరిగింది. దానికి ఊపడం తోడైతే ఇంకా ఎక్కువ. అంటే వేడి నీళ్ళు పోయండి, బాగా ఊపండి అని పెట్టె మీద మీరు వేసిన రెండు బొమ్మలూ సరిగ్గా ప్లాస్టిక్ ని రాల్చే రెండు పనులు. ఇంకో సంగతి, అన్ని సీసాలూ ఒక్కలాంటివి కావు. అన్నిటికంటే తక్కువ రాల్చింది 13 లక్షల దగ్గర ఆగింది, ఎక్కువ రాల్చింది కోటిన్నర దాటింది, అంటే పన్నెండు రెట్లు తేడా. సీసాలు కొనేటప్పుడు షాపులో నిలబడ్డ అమ్మకి ఆ తేడా తెలిసే దారే లేదు, అన్నిటి మీదా అదే బీపీఏ ఫ్రీ స్టిక్కర్.

ఇక్కడ ఆగి, ఇది చదివే అమ్మానాన్నలకి ఒక మాట చెప్పాలి, లేకపోతే నా ఉత్తరం వల్లే కీడు జరుగుతుంది. దయచేసి సీసాలు మరిగించడం మానేయకండి, వేడి తగ్గించి గోరువెచ్చటి నీళ్ళలో పాలపొడి కలపకండి. పాలపొడి అనేది సూక్ష్మక్రిములు అసలు లేని సరుకు కాదు, డబ్బా తెరిచే ముందే దాన్లో క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటివి ఉండే అవకాశం ఉంది, నెలలు నిండని పిల్లల్లో, రెండు నెలల్లోపు పిల్లల్లో క్రోనోబాక్టర్ వల్ల మెదడు పొరలకి వాపు (మెనింజైటిస్) వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ తో కలిసి 2007లో రాసిన పద్ధతిలో 70 డిగ్రీలకి తగ్గకూడదు అని పెట్టింది అందుకే. ఆ రూలు ప్రాణాలు కాపాడే రూలు. వేడి ఉండాలి. నా గొడవల్లా ఆ వేడి ప్లాస్టిక్ లో ఎందుకు పడాలి అని.

దీనికి దారి లేకపోతే నేనింత బాధపడేదాన్ని కాదు. దారి ఉంది, అదే స్టడీ చేసినవాళ్ళే చెప్పారు, పైగా ఇంట్లో ఉన్న వస్తువులతోనే అయిపోతుంది. నీళ్ళు స్టీలు గిన్నెలోనో ప్లాస్టిక్ లేని కెటిల్లోనో కాచుకోవాలి. మరిగించిన సీసాని, కాచి చల్లార్చిన ఆ నీళ్ళతోనే కనీసం మూడుసార్లు తొలిచి పారబోయాలి. పాలపొడిని సీసాలో కాకుండా గాజు లేదా స్టీలు పాత్రలో (దాన్ని కూడా మరిగించి పెట్టుకోవాలి) 70 డిగ్రీల నీళ్ళతో కలపాలి. తాగే వేడికి చల్లారాక అప్పుడు సీసాలో పోయాలి. అంతే. సీసాలో పాలు ఉండగా మైక్రోవేవ్ లో పెట్టకూడదు. మైక్రోవేవ్ సంగతి విడిగా కూడా తేల్చారు, 2023లో అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు పిల్లల ఆహారం పెట్టే ప్లాస్టిక్ డబ్బాల్ని మూడు నిమిషాలు వేడి చేసి చూస్తే కొన్నిటిలో ఒక్క చదరపు సెంటీమీటరు నుంచే 40 లక్షలకి పైగా మైక్రో రేణువులు, 200 కోట్లకి పైగా ఇంకా సన్నటి నానో రేణువులు వచ్చాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ నాలుగు మెట్లలో కష్టమైంది ఏముంది? ఒక గిన్నె ఎక్కువ తోముకోవాలి. ఆ రాత్రిపూట నాకు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే గిన్నె తోముకోవడం పెద్ద బరువయ్యేదా? 2020 అక్టోబర్ నుంచి ఈ సంగతి లోకానికి తెలుసు, ఆ పత్రిక మీ ల్యాబుల్లో చదవకుండా ఉంటారని నేను అనుకోను. నేను కొన్న సీసా పెట్టె మీద మాత్రం ఈ నాలుగు లైన్లు లేవు, నా కోపం అక్కడే. ఊహించని సంగతి అయితే క్షమించొచ్చు, తెలిసిన సంగతి పెట్టె మీద రాయకపోవడం వేరు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఈ రేణువుల వల్ల పిల్లలకి ఫలానా జబ్బు వస్తుందని ఎవరైనా రుజువు చేశారా అని. చేయలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన రిపోర్టు కూడా ఉన్న సమాచారం ఒక తీర్పు చెప్పడానికి సరిపోదు, ఇంకా పరిశోధన కావాలి అనే అంది. నేను లేనిపోని భయాలు పెట్టను. కానీ రుజువు కాలేదు అంటే ఏమీ కాదు అని అర్థం కాదు కదా. బీపీఏ విషయంలోనూ మొదట్లో విన్నది ఇలాంటి మాటలే. పిల్లల లెక్క మన లెక్కలాంటిది కాదండి. సీసా పాలు తాగే పసిబిడ్డ రోజుకి కిలో బరువుకి 150 మిల్లీలీటర్ల లెక్కన తాగుతుంది. అదే లెక్కన 60 కిలోల మనిషి తాగాలంటే రోజుకి 9 లీటర్లు తాగాలి, అదీ ప్రతి లీటరూ వేడి ప్లాస్టిక్ లో ఊపింది, వేరే తిండి ఏమీ లేకుండా, నెలల తరబడి. మీలో ఎవరైనా అలా ఉంటారా? 2021లో న్యూయార్క్ లో ఏడాది వయసు పిల్లల మలం పరీక్ష చేస్తే పీఈటీ అనే రకం ప్లాస్టిక్ పెద్దవాళ్ళ కంటే పది రెట్లు పైనే కనపడింది. చూసింది ఆరుగురు పిల్లల్నే, చిన్న స్టడీ, అది పాల సీసా ప్లాస్టిక్ కూడా కాదు, ఆ సంగతి దాచట్లేదు. కానీ పసిపిల్లల చుట్టూ ప్లాస్టిక్ ఎంత ఉందో చెప్పడానికి అది చాలు, నేల మీద పాకేది వాళ్ళే, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేది వాళ్ళే.

ఇంక కొంతమంది అంటారు, తల్లిపాలు ఇస్తే ఈ బాధే లేదు కదా అని. తల్లిపాలే మంచివి, అందులో నాకు రెండో మాట లేదు, మొదటి ఆరు నెలలూ అవే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అక్షరాలా సరే. కానీ ఈ మాట పాలు పడని తల్లి ముందు అంటే ఆమె గుండెల్లో ఎలా గుచ్చుకుంటుందో అనేవాళ్ళకి తెలీదు. పైగా 2022లో ఇటలీలో 34 మంది తల్లుల పాలు పరీక్షిస్తే 26 మంది పాలల్లో మైక్రోప్లాస్టిక్ (ఇలాంటి సన్నటి ప్లాస్టిక్ రేణువులు) ఉంది. మనం తాగే నీళ్ళలో, పీల్చే గాలిలో ఉన్నదే అక్కడికీ చేరింది, అయినా తల్లిపాలకి సాటి వచ్చేది లేదు, పట్టగలిగిన అమ్మలు ఈ ఒక్క అంకె చూసి మానకండి. అది చూపించి "అంతటా ఉంది కదా, మా సీసాని ఎందుకు అంటారు" అని మీరు అనొద్దని మాత్రం ముందే చెప్తున్నా. గాలిని నేను మార్చలేను. సీసాని మీరు మార్చగలరు.

రూల్స్ రాసేవాళ్ళకి నా మనవి ఇది. సీసాలకి మైగ్రేషన్ టెస్ట్ అని చేస్తారు, అంటే సీసాలోంచి పాలల్లోకి ఏ కెమికల్స్ ఎంత బరువు దిగుతాయో చూస్తారు. అది కావాల్సిందే. కాకపోతే ఆ టెస్టు బరువు తూస్తుంది, రేణువులు లెక్కపెట్టదు. ఒక్కో రేణువు బరువు దాదాపు ఏమీ ఉండదు, కోటి రాలినా తూకంలో తెలీకుండా పోవచ్చు. అందుకని టెస్టులో రేణువుల లెక్క కూడా పెట్టండి. అది కొత్త సీసా మీద ఏవో కొన్నిసార్లు చేసి వదిలేయకుండా, మా ఇళ్ళల్లో వాడినట్టు వాడి చూడండి, మరిగించి, 70 డిగ్రీల నీళ్ళు పోసి, ఊపి, బ్రష్ తో తోమి, మళ్ళీ మరిగించి, రోజుకి ఆరుసార్లు చొప్పున నెలల పాటు. డబ్లిన్ వాళ్ళు 21 రోజులు వరసగా చూసినప్పుడు రాలడం ఒకరోజు తగ్గింది ఒకరోజు పెరిగింది కానీ ఆగిపోలేదు. ఏ సీసా ఎంత రాలుస్తుందో ఆ అంకె పెట్టె మీద వేయమని కంపెనీలకి చెప్పండి. పన్నెండు రెట్లు తేడా ఉన్న సరుకుని ఒకే స్టిక్కర్ కింద అమ్మనివ్వడం తప్పు.

కంపెనీల వాళ్ళకి, ఒక సీసాని ఎన్నిసార్లు మరిగించాక పారేయాలో అచ్చు వేయండి. "పాడైతే మార్చండి" అని రాస్తే ఎప్పుడు పాడైందో మాకెలా తెలుస్తుంది, నేను ఐదు నెలలకి గాని వెలుతురులో పెట్టి చూడలేదు. నిపుల్స్ ని మర్చిపోకండి, సిలికాన్ రబ్బరు నిపుల్స్ ఆవిరికి పెట్టినప్పుడు వాటి నుంచి కూడా సన్నటి రేణువులు ఊడతాయని 2021లో బయటపడింది, దాని గురించి అడిగేవాళ్ళే లేరు. గాజు సీసాలు, స్టీలు సీసాలు మీలో చాలామంది చేస్తున్నారు, సంతోషం, కానీ వాటిని ఖరీదైన సరుకులా అద్దాల బీరువాలో పెట్టకుండా మామూలు సీసాల పక్కనే పెట్టండి, ప్లాస్టిక్ సీసా మూతలూ నిపుల్సూ వాటికి కూడా పట్టేలా చేయండి. గాజు పగులుతుంది, బరువు, పాప చేతికి ఇవ్వలేం, నాకు తెలుసు, అందరికీ గాజే కుదరదు. అందుకే ప్లాస్టిక్ వాడేవాళ్ళకి ఆ నాలుగు లైన్లు కావాలి.

పాలపొడి వాళ్ళూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళూ, ఆ బొమ్మల్లో ఒక్క బొమ్మ మార్చండి, వేడి నీళ్ళు సీసాలో పోస్తున్న చెయ్యి బదులు స్టీలు గిన్నెలో పోస్తున్న చెయ్యి వేయండి. చదువు రాని అమ్మ కూడా బొమ్మ చూసి చేస్తుంది.

మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్ళు. బాగానే ఉంది, పరిగెడుతుంది, మాటలు బాగా వచ్చాయి. ఆ మసకబారిన సీసా పారేయలేదు, బీరువాలో పెట్టాను, ఎప్పుడైనా ఎవరైనా పరీక్ష చేస్తామంటే ఇస్తాను. మా చెల్లికి ఇప్పుడు ఎనిమిదో నెల, దానికి పాలు బాగా పడాలనే కోరుకుంటున్నా, ఒకవేళ పడకపోతే అని ఆ నాలుగు మెట్లూ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి దాని వంటింట్లో అల్మారా తలుపుకి లోపలి వైపు అంటించి వచ్చాను, అర్ధరాత్రి లైటు వేయగానే కనపడేలా. కాగితం అరచెయ్యంత కూడా లేదు, మీ పెట్టె మీద సులువుగా పడుతుంది. ఈసారి జవాబు రాసేటప్పుడు బీపీఏ గురించి వద్దండి, ఆ నాలుగు లైన్లు ఏ నెల నుంచి అచ్చు వేస్తారో అది రాయండి.

ఇట్లు,
ఒక పోతపాల బిడ్డ తల్లి